నాలుక చేపల వయసు

పంజాగుట్టలో మెట్రో స్టేషన్ వెనక సందులో మా ఆఫీసు. సముద్రానికి అంత దూరాన కూర్చుని సముద్రం మీద రిపోర్టులు రాసే కంపెనీ. అందులో నా పని చేపల వయసు చూడటం. చేప తలలో చిన్న చెవిరాయి ఉంటుంది. పలచగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెడితే ఏడాదికో వలయం కనిపిస్తుంది.

ఒకసారి కాకినాడ నుంచి ఐసుపెట్టెల్లో నాలుక చేపలొచ్చాయి. ఇసుకకు అంటుకుని బతికే బల్లపరుపు చేపలవి, రెండు కళ్లూ ఒకే పక్క. పట్టించిన బోట్ల యజమాని ఉండేది మా ఆఫీసు దగ్గర్లోనే, బల్కంపేటలో. పిల్ల చేపలు తప్పించుకునేలా వల కన్ను పెద్దది చేయమని అధికారులు అంటున్నారట. అక్కర్లేదని మేం రాసిపెట్టాలి.

చూస్తే దాదాపు అన్నీ ఏడాది దాటనివే. గుడ్లు పెట్టే ఈడు రాలేదు. ముసలి చేప ఒక్కటీ లేదు.

మా డైరెక్టరు కోస్తా మనిషి. మాట కంటే ముందు ఉంగరాలు కదిలేవి. "ఏంటమ్మా ఇది? ఇది పొట్టి జాతి అని రాయండి. సహజ మరణాలే ఎక్కువ అనండి."

"వలలో పడి చచ్చినవి సహజంగా ఎలా చచ్చాయండీ?"

"పడకపోయినా ఎప్పటికైనా చచ్చేవే కదా!"

మీరూ అంతే కదా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

రిపోర్టు కోసం ఆఫీసుకొచ్చిన బోట్ల యజమాని మాత్రం నన్ను ఓదార్చాడు. "మేడమ్, గీ చేప గింతే ఉంటది. పుట్టినకాంచి చూస్తున్న." బల్కంపేటలో పుట్టినవాడు పుట్టినప్పటి నుంచి సముద్రాన్ని చూస్తున్నాడట! చేయి పట్టి లాగినంత పనిచేసి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను.

"ఒక్కటే రింగుందేంది?"

"పసిది కాబట్టి."

"అయితేంది? మస్తు రుచుంటది."

రిపోర్టు వాళ్లు కోరినట్టే తయారైంది. నా పేరు తీసేయమన్నాను. డైరెక్టరు సంతోషంగా తీసేశాడు. ఆ నెలే మానేసి అమీర్‌పేటలో పిల్లలకు బయాలజీ చెప్పడం మొదలుపెట్టాను.

కొన్నేళ్లకు ఆ యజమాని నన్ను వెతుక్కుంటూ ఇన్‌స్టిట్యూట్ మెట్ల దాకా వచ్చాడు. "చేపలు పడ్తలేవు మేడమ్. బోట్లన్నీ ఒడ్డుకే ఉన్నయి. ఏమైందో జర చూడుండ్రి."

"పిల్లల్ని తినేసి తల్లులేవని అడుగుతున్నారా?"

"గట్లంటే ఎట్ల?" అని నొచ్చుకున్నాడు. నొచ్చుకునే హక్కు తనకే ఉన్నట్టు! నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. చేపలు ఎందుకు తగ్గాయో తేల్చే పని చివరికి మా పాత డైరెక్టరుకే దక్కిందని తర్వాత తెలిసింది.