ఏ చేతి నుంచి తీశారు

తిరుపతిలో నేను పనిచేసే ల్యాబుకు రక్తం వచ్చినప్పుడు, పేషెంటుకు సెలైన్ ఎక్కుతోందని తెలిస్తే నేను అడిగే మొదటి మాట ఒకటే. రక్తం ఏ చేతి నుంచి తీశారు? సెలైన్ ఎక్కే చేతి నుంచి తీస్తే ఆ నీళ్లు కూడా గొట్టంలోకి వస్తాయి, రిపోర్టంతా అబద్ధం చెబుతుంది. పదేళ్లుగా ముక్కూ మొహం తెలియని వాళ్లను ఇలా అడిగి విసిగిస్తున్నాను. మా అన్న విషయంలో మాత్రం అడగలేదు.

మాది సత్యవేడు పక్క పల్లె. అన్న రోజూ శ్రీసిటీలో ఫ్యాక్టరీకి పోయి షిఫ్టు పని చేసి వచ్చేవాడు. నైట్ షిఫ్టు వారం ముగిసేసరికి మనిషి పీక్కుపోయేవాడు. అందుకని సెలవు రోజు పొద్దున టిఫిన్ తినేసి, తోటి పనివాళ్లు నలుగురితో కలిసి మా ఊరి ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లి తలా ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించుకునేవాడు. ఆ గదిలో రెండే మంచాలు. మంచం దొరకనివాడు బల్ల మీద గోడకు ఆనుకుని కూర్చుంటాడు, అతని బాటిల్ కిటికీ ఊచకు వేలాడుతుంది. జ్వరం లేదు, జబ్బు లేదు. ఫోన్లు చూసుకుంటూ, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ బాటిల్ అయిపోయేదాకా కూర్చునేవాళ్లు.

నాకు ఒళ్లు మండేది. మా ల్యాబు డాక్టరు మేడం ఒకసారి అన్నం తింటూ చెప్పిన సంగతి అన్నకు చెప్పాను. రోగంతో పోట్లాడేవి రక్తంలోని తెల్లకణాలు. చుట్టూ ఉన్న ద్రవం మారితే వాటి నడత మారుతుంది. కొన్ని రకాల సెలైన్ వాటిని పని లేకుండా రెచ్చగొడుతుంది, కొన్ని రకాలు మందగింపజేస్తాయి. ఏది పోశాం, ఎంత పోశాం అన్నదాన్నిబట్టి ఉంటుంది. పెద్ద పెద్ద డాక్టర్లకే ఇంకా పూర్తిగా అంతుపట్టలేదు, కాబట్టి అవసరం లేనివాడు పోయించుకోకూడదని మేడం మాట.

అన్న నవ్వాడు. "సెమటగా పోయిందాన్ని మళ్లా పోసుకుంటే తప్పేంది పాపా? నువ్వు సదివి సదివి అన్నిటికీ బయపడతా ఉండావు."

కిందటేడు వానాకాలంలో, ఒక ఆదివారం పొలం కంచెకు ముళ్లకంప కొడుతుంటే అన్న మడమలో తుమ్మముల్లు దిగింది. పీకేసి, సోమవారం డ్యూటీకి వెళ్లాడు. మంగళవారానికి చలిజ్వరం, పిక్క దాకా వాపు. లీవు పెడితే సూపర్వైజరు మొహం ముడుచుకుంటాడని ఆస్పత్రికి పోకుండా ఆర్ఎంపీ దగ్గర సూది, బాటిల్ వేయించుకున్నాడు. బుధవారం రెండు బాటిళ్లు. గురువారం ఆర్ఎంపీకే కాస్త భయం వేసి, రక్తం తీసి, తిరుపతి బస్సెక్కుతున్న తెలిసినాయన చేతికిచ్చి నాకు పంపాడు.

మిషన్‌లో నేనే పెట్టాను. ఒంట్లో చీము పడితే తెల్లకణాలు అమాంతం పెరుగుతాయి. అంకెలు వచ్చేదాకా మిషన్ ముందు నుంచి కదల్లేదు. తొమ్మిది వేలు. ఎవరికైనా ఉండేదే. ప్రాణం లేచొచ్చింది. దాని కిందే హిమోగ్లోబిన్ ఎనిమిది అని ఉంది. అంతకు ముందు ఏడాది నేనే చూసినప్పుడు పద్నాలుగు. చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. సరిగా తినడం లేదేమో అనుకున్నాను. ఒక చుక్క గాజు స్లైడు మీద రాసి మేడానికి చూపించాలని కూడా తోచలేదు. మంచి మాట దొరికింది, దాన్ని పట్టుకుని వేలాడాను.

వెంటనే వదినకు ఫోన్ చేశాను. రక్తం బాగుంది, భయం లేదు, నీరసంగా ఉంటే ఇంకొక బాటిల్ పెట్టించుకోమను అన్నాను. అన్నేళ్లూ తిట్టిన నోటితోనే అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం అన్న వదినను చూసి అమ్మా అని పిలిచాడట. మా అమ్మ పోయి ఆరేళ్లయింది. కారులో తిరుపతికి తెచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. ఆస్పత్రిలో సెలైన్ లేని కుడిచేతి నుంచి తీసిన రక్తం కొంచెం అడిగి మా ల్యాబుకు తెచ్చుకున్నాను. తెల్లకణాలు ముందు రోజు అంకెకు రెండింతలు దాటాయి. మేడం స్లైడు చూశారు. పెద్ద కణాలు చాలక ఒళ్లు పసి కణాలను యుద్ధానికి పంపుతోంది అన్నారు. హిమోగ్లోబిన్ మాత్రం పదమూడు.

ఆ పదమూడు చూశాక నాకు అర్థమైంది. ఒక్క రోజులో ఎనిమిది పదమూడు కాదు; గురువారం గొట్టంలో నీళ్లు కలిశాయి, ఆ తొమ్మిది వేలూ అబద్ధమే. కారులో వాళ్లతో వచ్చిన ఆర్ఎంపీ ఆస్పత్రి వరండాలో నిలబడి ఉన్నాడు. పోయి అడిగాను, ఏ చేతి నుంచి తీశావని.

"బాటిల్ పెట్టిన సెయ్యేనమ్మా. సూది ఆడే ఉండాది గదా, మళ్లా పొడిసేదెందుకు పాపమని దాంట్లోనుంచే తీసినాను."

జాలిపడి చేశాడు.

బీపీ పడిపోతోందని ఆస్పత్రిలోనూ సెలైనే పెట్టారు. అప్పుడది నిజంగా అవసరం. అయినా ఒక్కొక్క చుక్క అన్న ఒంట్లోకి దిగుతుంటే నేను లెక్కపెడుతూ కూర్చున్నాను. ఆదివారం పొద్దున, తోటి పనివాళ్లంతా బాటిళ్లు పెట్టించుకునే వేళకు, అన్న పోయాడు. తర్వాత మేడాన్ని అడిగాను, ముందు ఎక్కించిన బాటిళ్లే చంపాయా అని. ముల్లూ ఆలస్యమూ చంపాయన్నారు. ఆ నీళ్లు తెల్లకణాలను ఏం చేశాయో మాత్రం తనే కాదు, ఎవరూ చెప్పలేరన్నారు. ఒక రోజు ఆలస్యం నాదేనని ఆమె అనలేదు. నాకు తెలుసు.

ఊళ్లో పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకూ వదిన ఒకటే చెప్పేది, మా ఆడబిడ్డే రక్తం చూసింది, మేమేం తక్కువ చేయలేదు అని. నేను పక్కనే తల వంచుకుని కూర్చునేదాన్ని. పదకొండో రోజు ఆమె తిండి లేక కళ్లు తిరిగి పడిపోయింది. ఆర్ఎంపీ బాటిల్ తెచ్చాడు. పెట్టమంటావా అని నన్ను అడిగాడు, ఇంట్లో వాళ్లంతా నా వైపు చూశారు. వద్దు, మజ్జిగ పట్టండి అన్నాను.

వదిన కళ్లు తెరిచి నన్ను చూసింది. "ఎందుకు వద్దు పాపా? మీ అన్నకు పెట్టుకోమంటివే."

అప్పుడు చెప్పాను, అందరి ముందూ, ఎనిమిది చూసీ వదిలేసిన దగ్గర నుంచి పదమూడు దాకా. వదిన చివరిదాకా విని గోడవైపు తిరిగి పడుకుంది. ఇది జరిగి ఏడాది దాటింది. పండక్కి పిలుస్తుంది, అన్నం పెడుతుంది. పాపా అని మాత్రం మళ్లీ పిలవలేదు.