సమ్మక్క బెల్లం, సేటు సంచి

జనగామ మార్కెట్లో రైతుల వడ్లు తూచి అమ్మిపెట్టే అడ్తి దుకాణం నడిపే వెంకట్రాజం సేటు ఏనాడూ వరంగల్ దాటి పోలేదు. అయినా గోనె సంచి కంటబడితే చాలు, బెంగాల్ కబుర్లు మొదలుపెట్టేవాడు. అక్కడ జనపనార మొక్క మెడలోతు నీళ్లలో పెరగడం, కోసిన కట్టెల్ని మడుగుల్లో నానేసి నార ఒలవడం కళ్లారా చూసినట్టే చెప్పేవాడు.

"పుట్టిందే నీళ్లల్ల. ఆ నీళ్లు ఎంత ఎండకూ ఆరయి. అందుకే సంచికి రెండు కిలోలు తరుగు" అని, సంచి బరువు కింద రైతుల వడ్ల తూకంలోంచి కోసేవాడు.

రైతులకు సంచి కొత్తదా? వానొస్తే దాన్నే మడిచి నెత్తిన వేసుకునేవాళ్లు. పిల్లలు బడిలో పరుచుకుని కూర్చునేది దాని మీదే. స్నానం చేసే జాలాటికి తలుపూ అదే. నెత్తి మీద అంత తేలికైన సంచి, సేటు కాంటా ఎక్కగానే ఎట్లా బరువెక్కుతుందో ఎవరికీ అంతుపట్టలేదు.

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం లేచింది. బజార్లో టైర్లు కాలుతుంటే, వెంకట్రాజానికి సంచులతో నిండిన గోదాం గుర్తొచ్చింది. గోదాం దక్కితే తన బరువంత బంగారం ఇస్తానని మేడారం సమ్మక్కకు మొక్కాడు. మేడారంలో బంగారమంటే బెల్లం. అది తెలిసే మొక్కాడు.

గోదాం దక్కింది. జాతర వచ్చింది. భార్య వనమాల నాలుగు గోనె సంచుల్లో బెల్లం నింపి, మూతి కుట్టి, పసుపు కుంకుమ పెట్టింది. "అమ్మ పేరు మీద కుట్టిన. గద్దె కాడ తప్ప విప్పేది లేదు" అంది.

దుకాణంలో పెద్ద కాంటాకు ఒకవైపు సంచులు, ఇంకోవైపు సేటు. ముల్లు మధ్యలో నిలబడింది. వెంకట్రాజం దిగబోయాడు.

"ఆగు సేటూ" అన్నాడు కొండల్. బచ్చన్నపేట రైతు, వడ్లు తెచ్చి వరుసలో ఉన్నాడు. "సంచి తరుగు తియ్యవా? నాలుగు సంచులకు ఎనిమిది కిలోలు. అమ్మకు అంత తక్కువైతది గద."

వెంకట్రాజం లెక్క వేసుకున్నాడు. రెండు కిలోలంటే ఎనిమిది కిలోల బెల్లం పోతుంది. పైగా కుంకుమ పెట్టిన సంచి ముందు అబద్ధం. ఒక్క కిలో అంటే ఇన్నేళ్ల తరుగు రైతుల నోట పడుతుంది. అమ్మా, కొండలూ ఇద్దరూ చూస్తున్నారు.

కాసేపటికి ఆయన ముఖం వెలిగింది. "నాలుగు ఖాళీ సంచులు తేండ్రి. నా దిక్కు వెయ్యండ్రి. సంచికి సంచి చెల్లు. బరువెంతని అడిగే పనే లేదు."

ఒకటి నెత్తిన, రెండు భుజాల మీద, ఒకటి ఒళ్లో వేసుకుని, దురదకు మెలికలు తిరుగుతూ కూర్చున్నాడు.

"వానల నాటేయ పోతున్నవా సేటూ?" అన్నారెవరో.

సేటు పళ్లెం కిందికి దిగింది. వనమాల అవతలి సంచుల మీద కిలో బెల్లం ముద్దలు ఒక్కొక్కటే పెట్టింది. నాలుగో ముద్దకు ముల్లు మధ్యకొచ్చింది.

వెంకట్రాజం మురిసిపోయాడు. ఆ తర్వాత ముద్దలు చూశాడు. సంచులు చూశాడు. నాలుగుకు నాలుగు. కొండల్ అప్పటికే చూసేశాడు.

జాతర నుంచి తిరిగొచ్చి దుకాణం తెరిచిన రోజు, కొండల్ తన వడ్ల సంచిని కాంటా ఎక్కించి, అవతలి పళ్లెంలో తూకపు బాట్ల మీద ఒక ఖాళీ సంచి వేశాడు. "అమ్మకు చేసినట్టే, సేటూ."

ఆ సంచి అక్కడే ఉండిపోయింది. తరుగు పోయింది.

మర్నాడు పొద్దున కొండల్ ఇంకో బండి వడ్లు తెచ్చేసరికి బాట్ల మీది సంచి నీళ్లోడుతోంది. అది ఎంత బరువుంటే రైతు అన్ని వడ్లు ఎక్కువ పోయాలి.

"ఏంది సేటూ గిది?"

"బెంగాల్ నీళ్లు కొండలూ. మళ్ల ఊరినయి."

కొండల్ సంచిని తీసి దుకాణం ముందు ఎండలో ఆరేశాడు. బండి నీడన కూర్చుని బీడీ ముట్టించాడు. "ఆరనియ్యి. నాకేం తొందర లేదు" అన్నాడు.

అతని బండి వెనక మార్కెట్ గేటు దాకా బండ్లు ఆగి ఉన్నాయి. వెంకట్రాజం కాసేపు వాటిని చూశాడు. తర్వాత తనే లేచి వెళ్లి, సంచిని రెండో వైపు తిప్పి ఆరేశాడు.