ఎత్తొద్దన్న ఫోన్

నాకు ఒకచోట కాలు నిలవదు. నా కొట్లో కుర్చీ ఉందన్న మాటేగాని అందులో కూర్చునేది మందులకొచ్చిన రైతులే. అలాంటి నన్ను పురుగుమందుల కంపెనీవాళ్లు ఐదు రోజులు ఏసీ బస్సులో కుదేసి బ్యాంకాక్ తిప్పారు. టార్గెట్ దాటిన డీలర్లకి బహుమానమట. బహుమానమా నా మొహమా! ఇన్నేళ్లయినా ఆ ప్రయాణం గుర్తొస్తే చేస్తున్న పని వదిలేసి లేచి అటూ ఇటూ తిరుగుతాను.

సెల్‌ఫోన్లు మా పల్లెల్లోకి అప్పుడప్పుడే వచ్చిన రోజులవి. ఫోన్ ఉందంటే మాట్లాడతారనుకునేరు, అదేం లేదు. పనులన్నీ మిస్డ్ కాల్ మీదే నడిచేవి. ఒక రింగిస్తే సరుకొచ్చిందని, రెండిస్తే రావద్దని, ఇలా ఎవరి ఏర్పాట్లు వాళ్లకుండేవి. అవతలివాడు పొరపాటున ఎత్తి "హలో" అన్నాడంటే వాణ్ణి మర్నాడు పట్టుకుని తిట్టేవాళ్లం.

నా కొట్టు పర్చూరులో. మా అక్కని ఇచ్చింది అక్కడికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న ఊరికి. ఆ ముందటేడు వాళ్ల మిరప తోటంతా ముడత తెగులొచ్చి పోయింది. ఆ ఏడు ఉన్న మూడెకరాల నల్లరేగట్లో పత్తే పెట్టారు. వేరే ఆధారం లేదు. చేను మాత్రం బ్రహ్మాండంగా లేచింది. నడుమెత్తు పెరిగి పూత మీదుంది. అంతలో పచ్చదోమ తగులుకుంది.

ప్రయాణం రోజు పొద్దున బావ మోపెడ్ మీద కొట్టుకొచ్చాడు. మందూ కావాలన్నాడు, స్ప్రేయరూ కావాలన్నాడు. అద్దెకిచ్చే పవర్ స్ప్రేయర్ నా దగ్గర ఒకటే ఉండేది. అంతకు అరగంట ముందే ఒక వరి రైతు దాన్ని తెచ్చి అరుగు మీద పెట్టాడు. "కలుపు మందు కొట్టానండీ, కాస్త కడిగించండి" అని కూడా చెప్పాడు పాపం. నేను "ఊ" అన్నాను. బిల్లులు సర్దుకుంటూ అన్న ఊ అది.

ఆ కలుపు మందు వరినేమీ చెయ్యదు, పత్తికి మాత్రం పరమ విషం. ట్యాంకు అడుగున నాలుగు చుక్కలు మిగిలినా చాలు, చేను ముడుచుకుపోతుంది. అందుకే ఆ మందు కొట్టొచ్చిన ట్యాంకుని బట్టల సోడా కలిపిన నీళ్లతో మూడుసార్లు కడిగి, ఎండలో బోర్లించాకే ఇంకొకరికిస్తాం. ఆ కడగడం ఎవరికీ అప్పజెప్పను, నేనే చేస్తాను. ఆ రోజు మాత్రం చీరాలలో రైలు టైమవుతోందని, కొట్టుకు తాళం వెయ్యాలని, పాస్‌పోర్టు ఎక్కడ పెట్టానో కనపడలేదని కంగారు. ఆ కంగారులోనే స్ప్రేయర్ని నా చేతుల్తో ఎత్తి బావ మోపెడ్ వెనక కట్టాను. గట్టిగా కూడా కట్టాను, జారిపోకుండా.

రైలెక్కేముందు అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మందు ఇప్పుడే కొట్టమంటావా, ఆగమంటావా? మబ్బుగా ఉందిరా."

"కంపెనీ సైంటిస్టు గారు మాతోనే వస్తున్నారు. ఆయన్నడిగి నీకో మిస్డ్ కాల్ ఇస్తా. రింగొచ్చిన రోజు సాయంత్రమే కొట్టెయ్యండి. అంతేగాని ఫోన్ ఎత్తావో, నా కొంప కొల్లేరే!"

"ఎక్కువసేపు మోగితేనో?"

"ఎంతసేపు మోగినా ఎత్తొద్దు! నువ్వెత్తితే అక్కడ నాకు నిమిషానికి అరవై రూపాయలు. రోమింగంటారు దాన్ని. చెవినబడిందా?"

"పడిందిలేరా, ఎందుకా అరుపులు? అన్నం టైముకి తిను" అని పెట్టేసింది.

బ్యాంకాక్ గురించి చెప్పమని ఇప్పటికీ అడుగుతారు. ఏం చెప్పను? బుద్ధుడి గుళ్లు చూశాం, ఏనుగుల ఆట చూశాం. మా వాళ్లు గోంగూర పచ్చడి సీసా మూత తీసేసరికి హోటలంతా తుమ్మింది. నాకు మాత్రం ధ్యాసంతా ఫోన్ మీదే. సిగ్నల్ గీతలు నాలుగుండేవి, చూస్తుండగానే రెండయ్యేవి, పేరు మారి ఇంకో కంపెనీది వచ్చేది. వాచీ కూడా మార్చలేదు. మన టైమే ఉంచుకున్నాను.

మూడోరోజు టిఫిన్ దగ్గర సైంటిస్టు గారిని అడిగాను. దోమ ఉధృతంగా ఉంటే ఆలస్యం చెయ్యొద్దన్నాడు. వెంటనే అక్కకి ఫోన్ కలిపి, ఒక రింగు రాగానే కట్ చేశాను. పక్కన నరసరావుపేట డీలరున్నాడు. "చూశావా, దమ్మిడీ ఖర్చు లేకుండా ఇక్కణ్ణుంచి మా అక్క చేలో మందు కొట్టిస్తున్నా" అని గొప్పలు పోయాను.

బస్సు ఊరు దాటింది. సముద్రం చూపిస్తారట, రెండు మూడు గంటల దారి. రోడ్డు పక్కనంతా వరి పొలాలు, అచ్చం మన కాలవ కింద పొలాల్లాగే. ఒకచోట ఒక రైతు స్ప్రేయర్ ట్యాంకు కాలవలో ముంచి కడుగుతున్నాడు. ముంచాడు, ఊపాడు, పారబోశాడు. మళ్లీ ముంచాడు. అరుగు మీది స్ప్రేయరూ, వరి రైతు మాటా, నా ఊ, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

వాచీ చూశాను, పదకొండున్నర. బావ మందు కొట్టేది ఎండ తగ్గాక, నాలుగింటికి. ఇంకా టైముంది. డబ్బు పోతే పోనీలే అని అక్కకి కలిపాను. ఎవరో ఆడమనిషి వాళ్ల భాషలో ఏదో చెప్పి పెట్టేసింది. మళ్లీ కలిపాను. ఈసారి మోగింది. మోగీ మోగీ ఆగిపోయింది. మళ్లీ చేశాను. అంతే.

అప్పుడు తెలివొచ్చింది. ఎందుకెత్తుతుంది? ఎంతసేపు మోగినా ఎత్తొద్దని అరిచి మరీ చెప్పింది నేనేగా! పైగా మోగిన ప్రతిసారీ మందు కొట్టమనే చెప్పినట్టు. చెయ్యడం మానేద్దామా అంటే పొద్దున ఇచ్చిన రింగు ఉండనే ఉంది. "ఎత్తక్కా, ఎత్తు!" అని బస్సులో అందరూ వెనక్కి తిరిగేలా అరిచాను.

మెసేజ్ పెట్టాను, ట్యాంకు కడగమని, ఇంగ్లీషు అక్షరాల్లో. అక్క చదవలేకపోయినా బావ కూడబలుక్కుంటాడని ఆశ. ఎంతసేపటికీ పోనే లేదు. నా కొట్లో ల్యాండ్‌లైనుంది, కాని కొట్టు తాళం చెవి నా జేబులో ఉంది. అక్క ఊళ్లో నాకు నెంబరు తెలిసిన ఫోన్ ఇంకోటి లేదు. నరసరావుపేటాయన ఫోన్లో అక్కడి సిమ్ముంది, మన దేశానికి కాల్ పోదు గాని ఇంటర్నెట్ వస్తుంది. "ఒంగోల్లో ఫీల్డాఫీసరుకి మెయిల్ పెడదాం, ఆయన మనిషిని పంపిస్తాడు" అన్నాడు. సరే అన్నాను. తెర మీద నీలం గీత సగం దాకా పాకి ఆగింది. కదలదు. ఆయన ఫోన్ని కిటికీకి ఆనించాడు, పైకెత్తాడు, ఆపి మళ్లీ మొదలెట్టాడు. ముప్పావుగంటకి మెయిల్ కంపెనీ బొమ్మ సగం వచ్చింది. నాకు తిక్క రేగి ఆ ఫోన్ని బస్సులోంచి విసిరేద్దామనిపించింది. ఫోన్ నాది కాదు కాబట్టి ఆగాను.

భోజనాల దగ్గర ఒక కాయిన్ ఫోన్ కనపడితే పరిగెత్తాను. బయటి దేశాలకి పోదని ఆ హోటలావిడ చేతులు ఊపింది. అందరూ చేపలు తింటుంటే నేను ఎండలో నిలబడి సిగ్నల్ వెతుక్కున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది. వాళ్లు తిని సముద్రంలో మునిగొచ్చేదాకా చేస్తూనే ఉన్నాను. పదకొండోసారి చేసేసరికి వాచీలో నాలుగున్నర. మోగింది. ఎత్తలేదు. అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. బావ ట్యాంకు వీపున వేసుకుని సాళ్లలోకి దిగి ఉంటాడు.

హోటలుకి చేరాక వాళ్ల ఫోన్ నుంచి చేశాను. అక్కది స్విచాఫ్. మర్నాడూ స్విచాఫే. నా ఫోనుకైతే ఆ పదకొండో కాల్ తర్వాత రోమింగే తెగిపోయింది, కాల్ రానూ రాదు, పోనూ పోదు. మిగతా రెండు రోజులూ నేను తిన్నదీ లేదు, చూసిందీ లేదు.

చీరాలలో దిగి, ఇంటికి కూడా పోకుండా ఆటో మాట్లాడుకుని నేరుగా అక్క చేనుకే వెళ్లాను. గట్టు మీది నుంచే కనపడింది. ఈ చివర పన్నెండు సాళ్లు తలలు వాల్చేశాయి. కొమ్మలు మెలితిరిగిపోయాయి. ఆ పైన మిగతా చేనంతా, ఆశ్చర్యం, పచ్చగా నిలబడి ఉంది. అర్థం కాక చూస్తుంటే అక్క పరిగెత్తుకుంటూ వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని ముఖమంతా తడిమింది.

"ఏమైందిరా నీకు? జ్వరమొచ్చిందా? యాక్సిడెంటా?"

"నాకేమవుద్ది? మందు ఎందుకాపారు?"

"మందు సంగతి తగలెయ్యి! ఒక్క రింగన్నావు. మళ్లీ మోగితే మర్చిపోయి ఇచ్చావనుకున్నా. మూడయ్యాయి, నాలుగయ్యాయి. వీడికేదో అయిందని కాళ్లూ చేతులూ ఆడలేదు. చేతిలో పట్టుకునే కూర్చున్నాన్రా. ఎత్తబోతే నీ అరుపులే గుర్తొచ్చేవి. ఆఖర్ది మోగినప్పుడు ఏమైతే అయిందని నొక్కా, అప్పటికే ఆగిపోయింది. పరిగెత్తుకెళ్లి మీ బావని ఆపేశా. తమ్ముడికేమైందో తెలియకుండా ఇంకా మందేవిటి, దించమన్నా. అప్పటికి రెండు ట్యాంకులే కొట్టాడు. ఆ తర్వాత నీకు చేసీ చేసీ నా ఫోనూ చచ్చింది. రెండ్రోజులు కరెంటు లేదు."

అప్పుడు చెప్పాను. ట్యాంకు కడగకుండా ఇచ్చానని, చేను పోతుందనే అన్నిసార్లు చేశానని, తప్పు నాదేనని. బావ వాలిపోయిన సాళ్ల వంక చూసి తల గోక్కున్నాడు. "పోనీలేరా బామ్మర్దీ, పన్నెండు సాళ్లతో పోయింది" అన్నాడు.

అక్క పోనివ్వలేదు. నా చేతులు వదిలేసి దూరంగా జరిగింది. నేను చేను కోసమే చేశానని విన్నాక దాని ముఖం మారిపోయింది. మూడు రోజులు అది తిండి మానేసింది నా కోసం. కళ్లు తుడుచుకుని, గట్టు దిగి రెండడుగులు వేసి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"ఇంకోసారి ఫోన్ ఎత్తొద్దని నాతో అనకు" అంది.