పేరు గీకిన సబ్బులు

నకిలీ సరుకు పట్టుబడ్డాక దాన్ని ఏం చేయాలని ఎవరైనా అడిగితే నా జవాబు ఒక్కటే. గొయ్యి తవ్వి పూడ్చాలి. తయారు చేసినవాడి చేతనే తవ్వించాలి. పట్టించిన కంపెనీవాడు దగ్గర నిలబడి చూడాలి. ఇందులో ఆలోచించడానికి ఏముందని మీరు అనవచ్చు. 1982లో చిత్తూరు పెద్దమనుషులు కొందరు కూర్చుని ఆలోచించారు. ఆలోచించి ఆ సరుకును నా హాస్టలుకు పంపారు.

అప్పటికి తొమ్మిదేళ్లుగా నేను ఒక ధర్మసంఘం నడిపే ఆడపిల్లల హాస్టలుకు వార్డెన్‌ని. పలమనేరు రోడ్డు పక్కన ఒక షెడ్డులో దొంగ సబ్బులు దొరికాయి. పేరున్న కంపెనీ అట్ట, అదే రంగు, సబ్బు మీద అచ్చంగా ఆ పేరే. చేసినవాడు తప్పు ఒప్పుకుని, జరిమానా కట్టి ఇంటికి పోయాడు. సబ్బులు మిగిలాయి. పేరు చెరిపేసి బీదలకు పంచవచ్చని కోర్టు అనుమతి ఇచ్చింది. అడిగి మరీ ఆ అనుమతి తెచ్చినవాడు మా సంఘం అధ్యక్షుడు. ఆయనకు బియ్యం మిల్లు ఉండేది. ఏదీ పారేయడం ఆయనకు చేతకాదు. పురుగు పట్టిన నూకలు కూడా మాకే పంపేవాడు, పంపిన ప్రతిసారీ దానం అని రాయించుకునేవాడు.

మార్చి నెల. పదో తరగతి పరీక్షలకు తొమ్మిది రోజులుంది. బియ్యం పర్మిట్ పని మీద ముందురోజు తిరుపతికి వెళ్లి, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చాను. చూస్తే, పదో తరగతి పిల్లలు పదకొండు మంది వరండాలో వరసగా కూర్చుని స్పూన్లతో, పాత బ్లేడ్లతో సబ్బులు గీకుతున్నారు. పుస్తకాలు గోడవారగా మూసి పెట్టి ఉన్నాయి.

"ఏమిటే ఇది?"

"పేరు గీకమన్నారు వార్డెనమ్మా. పొద్దన్నించీ గీకతానే ఉండాం. మద్రాసు నుంచి టై కట్టుకోని ఒకాయన వచ్చినాడు. ఒక్క అచ్చరం మిగిల్నా ఒప్పుకోడంట."

"ఆరో తరగతి వాళ్లు ఆడుకుంటున్నారు కదా, మీరే ఎందుకు?"

"వాళ్లకి ఇంగ్లీషు అచ్చరాలు సరిగ్గా తెలవదంట. చదువొచ్చినోళ్లే గీకాలన్న్యాడు."

వాళ్లకు నేర్పిన చదువు ఆ కంపెనీకి అలా పనికొచ్చింది.

చివర్లో కూర్చున్న పిల్ల మాత్రం గీకడం లేదు. కుడిచెయ్యి పావడాలో దాచుకుని ఉంది. కార్వేటినగరం దగ్గర పల్లె నుంచి వచ్చిన పిల్ల. వాళ్ల నాయన గొర్రెలు కాచేవాడు. లెక్కల్లో ఆ పిల్లకు సాటి వచ్చేవాళ్లు మా హాస్టలులో లేరు. ఫస్టు క్లాసు వస్తే తిరుపతి కాలేజీలో సైన్సు గ్రూపు దొరుకుతుందని ఏడాదిగా ఒకటే కలవరింత. చెయ్యి బయటికి తీయించాను. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లూ తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి. కలం పట్టే వేళ్లు. తక్కినవాళ్ల చేతులూ మండుతున్నాయి కానీ తోలు ఊడలేదు. ఈ పిల్ల పనిమంతురాలు. అందరికంటే ఎక్కువ సబ్బులు గీకింది.

ఆఫీసు గదిలో అధ్యక్షుడూ, కంపెనీ మనిషీ కాఫీ తాగుతున్నారు.

"పేరు పూర్తిగా పోవాల మేడమ్" అన్నాడు కంపెనీ మనిషి, నేను నోరు తెరవకముందే. "ఒక్క సబ్బు పేరుతో బయటికి పోయినా మా కంపెనీకి మర్యాద ఉండదు."

"లోపల ఏముందో పరీక్ష చేయించారా?"

"అది మా సరుకు కాదు కదా మేడమ్. మాకెట్ల తెలుస్తుంది?"

"మీ సరుకు కాదని కోర్టులో ఎలా రుజువు చేశారు?"

"అట్ట రంగు కొంచెం తేడా. పేరులో మూడో అక్షరం వంపు తేడా."

అంటే సబ్బును ఎవరూ చూడలేదు. పోలీసులు చూడలేదు, వకీళ్లు చూడలేదు, వీడూ చూడలేదు. అందరూ అట్ట చూశారు. ఒక సబ్బు తెచ్చి అతని ముందు పెట్టి, "చేతులు కడుక్కోండి" అన్నాను. అతను జేబులోంచి రుమాలు తీసి, కడగని చేతులే తుడుచుకున్నాడు.

అధ్యక్షుడికి కోపం వచ్చింది. "ఏందమ్మా, ఇంటికొచ్చిన పెద్దమనిషిని పట్టుకోని! పారేస్తే పాపం గదా అని నేను తిరిగి తిరిగి ఆర్డరు తెస్తే."

"అంత మంచి సబ్బయితే మీ మనవరాలికి నాలుగు తీసుకుపోండి."

"మా ఇంట్లో పాపకి అలవాటైన సబ్బు వేరే ఉండాదమ్మా."

ఈ మాట ఆయన సిగ్గుపడకుండానే అన్నాడు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ ఆయనకు కనబడలేదు. ఆయన లెక్కలో ఒంటి తోలు రెండు రకాలు.

పెద్దాసుపత్రి డాక్టరు చెయ్యి చూసి సబ్బులో సోడాకారం మితిమీరిందన్నాడు. మందు రాసి కట్టు కట్టి, పది రోజులు తడపొద్దు, వేళ్లు వంచొద్దు అన్నాడు. పరీక్షలో చెప్పింది రాసిపెట్టే మనిషిని ఇవ్వమని నేను జిల్లా విద్యాశాఖ ఆఫీసుకు వెళ్లి అడిగాను. చూపు లేకపోతేనో, చెయ్యి విరిగితేనో ఇస్తారట. "తోలు పోతే విరిగినట్టు కాదమ్మా" అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండా.

మర్నాడు కూలీలను పెట్టి బావికి దూరంగా, వెనక గోడ అవతల నడుం లోతు గొయ్యి తవ్వించాను. గీకినవీ గీకనివీ కలిపి ఐదు వందల అరవై సబ్బులు. అధ్యక్షుడు రోడ్డు మీది నుంచే, "కోర్టు ఆర్డరు ఉండాది! పంచమన్నారు, పూడ్చమన్లేదు!" అని అరిచాడు. దగ్గరికి మాత్రం రాలేదు. కంపెనీ మనిషి గొయ్యి అంచుదాకా వచ్చి తొంగి చూశాడు.

"సగం సబ్బుల మీద పేరు అట్లే ఉండాది మేడమ్."

"మట్టికి ఇంగ్లీషు రాదు లెండి. కావాలంటే దిగి గీకండి."

దిగలేదు. బీదలకు పంచినట్టు కాగితం ఇమ్మన్నాడు. పూడ్చినట్టు రాసి ఇచ్చాను. చదివి బల్ల మీదే వదిలేసి పోయాడు. రెండు రోజుల తర్వాత ఊళ్లో పత్రికలో ఫోటో వచ్చింది. నేను ఊళ్లో లేని పూట తీసిన ఫోటో. అధ్యక్షుడు సబ్బుల పెట్టె అందిస్తున్నాడు, నా పిల్లలు నవ్వుతూ అందుకుంటున్నారు.

ఆ పిల్ల కట్టుతోనే పరీక్షలు రాసింది. ఉంగరపువేలికీ చిటికెనవేలికీ మధ్య కలం ఇరికించుకుని రాయడం వారం రోజులు సాధన చేసింది. ఒక్కో పేజీకి మునుపటికి రెండింతల సమయం పట్టేది. లెక్కల పరీక్ష నాడు కట్టు తడిసి, రక్తపు మరక అంటిన కాగితం ఇచ్చి వచ్చింది. ఫలితాలు వచ్చాయి. పాసయింది. ఫస్టు క్లాసుకు పదకొండు మార్కులు తక్కువ. లెక్కల్లో చివరి మూడు ప్రశ్నలు ముట్టుకోనే లేదు. "అవి వచ్చు వార్డెనమ్మా, టైము చాల్లేదు" అని నాకు నోటితో చెప్పింది. ముగ్గురం ఉన్న గదిలో నిలబడి మూడింటికీ జవాబులు చెప్పింది. మూడూ సరైనవే. మూడో మనిషి అధ్యక్షుడు. సంఘం పిల్లలు ఎంతమంది పాసయ్యారో రాసుకోవడానికి వచ్చి కూర్చున్నాడు.

"పాసయింది గదమ్మా, ఇంకేం కావాల? ఆడపిల్లకి సైన్సు ఎందుకు? ఆర్ట్సు సదువుకుంటాది" అన్నాడు.

ఆ పిల్ల ఆర్ట్సే చదివింది.