కొమురెల్లి ఒంటిచేతి వల

1981 ఎండాకాలం నాటికి కొమురెల్లి లోకమంతా వరంగల్‌లో ఒక రైస్‌మిల్లు గేటు. ఎడమ చెయ్యి మోచేతి కింద నుంచి ఆ మిల్లు బెల్టులోనే పోయింది. చెయ్యి తీసుకున్న మిల్లే గేటు దగ్గర స్టూలు వేసింది. లారీ హారన్ కొడితే తియ్యాలి, పోయాక మూయాలి. చీకటి పడేదాకా బయటికి కదలొద్దు. భార్య సోమక్క సద్ది తెచ్చినా ఊచల సందులోంచే అందించేది.

బయటపడే దారి ఒక్కటే ఉంది. రఘునాథపల్లి అవతల సొంతూరి చెరువులో తండ్రి వదిలిపోయిన చేపల వాటా. కానీ అక్కడి చేపల సంఘం కట్టుబాటు గట్టిది. మిర్గం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే పొద్దున, వాటాదారు పెద్దల ముందు వల విసరాలి. గుండ్రంగా పడితేనే వాటా. లేదంటే అది మిగతావాళ్లలో కలిసిపోతుంది. చెయ్యి పోయినోడని నిరుడు ఆగారు. ఈసారి ఆగేది లేదని కబురు పెట్టారు.

విసురువల అసలు రెండు చేతుల పని. సగం వల ఎడమ మోచేతి మీద మడతేసి, అంచును పళ్లతో పట్టి, మిగతాది రెండు చేతులకూ పంచుకుని, నడుం తిప్పి వదలాలి. తాడు కొస ఉచ్చులా ఎడమ మణికట్టుకు ఉంటుంది. కొమురెల్లికి మణికట్టే లేదు.

మధ్యాహ్నం లారీలు రాని వేళ, వడ్లు ఎండబోసే సిమెంటు కళ్లం మీద విసరడం మొదలుపెట్టాడు. వల కుప్పగా పడేది. హమాలీలకు అదొక తమాషా.

"కొమురెల్లన్నా, పిచ్చుకలన్న పడుతున్నయా?" అని అడిగాడు ఒకడు.

"నువ్వు జర పక్కకు జరుగు. ముందుగాల నువ్వే పడ్తవ్."

విసురు భుజంలో లేదు, మడమలో ఉందని మెల్లగా తెలిసింది. మడమ మీద ఒళ్లంతా తిరగాలి, పళ్లు అన్నిటికన్నా చివర వదలాలి. రోహిణి ఎండల్లో పెదవులు చిట్లాయి. ఆఖరికి ఒకరోజు వల సర్వపిండి ఒత్తినట్టు గుండ్రంగా పరుచుకుంది! తాడు ఉచ్చు మాత్రం మొండిచేతి మీద నిలవక జారిపోయేది. పట్టి ఆపడానికి కింద అరచెయ్యి లేదు కదా. అయినా సిమెంటు మీద వల ఎక్కడికి పోతుంది? దాన్ని పట్టించుకోవడం మానేశాడు.

మిర్గం నాడు మిల్లులో సెలవు అడిగి, సోమక్కతో ఊరికి పోయాడు. కట్ట మీద జనం. సంఘం పెద్ద మొగిలయ్య తల ఊపాడు. కొమురెల్లి మడమ మీద గిర్రున తిరిగాడు. నీళ్ల మీద వల నిండుగా విచ్చుకుంది. ఎవరో శభాష్ అన్నారు. అంతలోనే ఉచ్చు మొండిచేతి మీంచి జారింది. వల మునిగింది, వెనకే తాడూ మునిగింది. గట్టు మీద ఒట్టి మనిషి మిగిలాడు.

ముందు పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దలూ ఆపుకోలేకపోయారు.

"వల మంచిగనే పడ్డది, కొమురెల్లీ," అన్నాడు మొగిలయ్య. "మరి గుంజుడెట్ల?"

"దుంకి తెస్త, పెద్దయ్యా."

"వద్దు. వచ్చే మిర్గం దాకా నీ వాటా ఎవ్వలు ముట్టరు. తాడు నేర్చుకోని రా."

అంటే ఇంకో ఏడు అదే గేటు, అదే స్టూలు. కుర్రాళ్లు ఈది తెచ్చిన వలను సోమక్క నెత్తిన పెట్టుకుంది.

మర్నాడు ఊచల సందులోంచి సద్దిగిన్నె ఇస్తూ ఆమే అంది, "తాడు మోచెయ్యి మీదికి కట్టు. దండకడియం లెక్క."

మోచేతి ఎముక అడ్డుంటే ఉచ్చు జారదు. తాడు ఒక కొస గేటు ఊచకు కట్టి, రెండో కొస మోచేతి పైన చుట్టి, పళ్లతో బిగించి లాగడం నేర్చుకున్నాడు. చాన్నాళ్లు ఊడొచ్చేది. కండ కమిలేది. మళ్లీ కట్టేవాడు.

ఒకరోజు లారీ వచ్చి హారన్ కొట్టింది. కొమురెల్లి లేవబోయాడు. తాడు ఆపింది. వెనక్కి ఒరిగి ఒంటి బరువంతా వేశాడు. ఉచ్చు కదల్లేదు. డ్రైవర్ తల బయటపెట్టి, గేటు తియ్యవా అని కసిరాడు.

"ఆగు జర," అన్నాడు కొమురెల్లి, గేటుకు కట్టేసి ఉండే నవ్వుతూ. "ఊడుతలేదు."