బొంగురు గొంతుకొచ్చిన ప్రమోషన్

ఆ ఉదయం నా ఫిర్యాదల్లా మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మీదే. గేటు తియ్యమని కారులోంచి ఎంత పిలిచినా పలకడు. దిగి వెళ్లి, చెవుడేమైనా వచ్చిందా అని అడిగాను.

"నాకేం గాలె సార్. మీ నోరు గదులుతుంది గానీ ఆవాజ్ వస్తలేదు."

నేను ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ ఆర్టిస్టుని. హీరో పక్కనుండే స్నేహితులకు గొంతు నాదే. కాబట్టి ఆ మాట కాస్త గుచ్చుకుంది.

నొప్పి లేదు, జ్వరం లేదు. ఉత్త బొంగురు. మా ఆవిడ సరళ మిరియాల పాలు ఇచ్చింది, మెడికల్ షాపతను మాత్రలిచ్చాడు, ఒక దర్శకుడు ఏకంగా విలన్‌నే ఇచ్చాడు. "ఈ బేస్ వాయిస్ ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అన్నాడు. ఇంత గిరాకీ ఉన్న గొంతుకి వైద్యం ఎవరు చేయించుకుంటారు?

నెల దాటాక, బొంగురు రాకముందు నేను డబ్బింగ్ చెప్పిన సినిమాలో స్నేహితుడి డైలాగులు కొన్ని మార్చారు. సౌండ్ ఇంజనీరు యాదగిరి "అన్నా, మన పాత గొంతు గావాలె" అన్నాడు. ఎన్ని టేకులు చెప్పినా స్నేహితుడు హీరోని చంపడానికి వచ్చినట్టే ఉంది. అప్పుడు భయమేసింది.

సరళ నన్ను షేక్‌పేటలోని మా డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. "మూడు వారాలు దాటిన బొంగురుకి నేను మందు రాయను, ఈఎన్‌టీకి రాస్తాను" అందావిడ.

ఈఎన్‌టీ డాక్టరు కెమెరా సిద్ధం చేస్తూ అడిగారు.

"సిగరెట్?"

"మానేశానండీ."

"ఎప్పుడు?"

"ఇందాక, కింద పార్కింగ్‌లో."

ఆయన నవ్వలేదు. లోపల చూశాక, "వోకల్ కార్డ్ మీద గ్రోత్ ఉంది. బయాప్సీ చేద్దాం" అన్నారు.

క్యాన్సరే. "ఎర్లీ స్టేజ్. రేడియేషన్ సరిపోతుంది."

"నా గొంతు మిగులుతుందా డాక్టర్?"

"మిగలొచ్చు. ఇంకా ఆలస్యం చేసుంటే ఈ ప్రశ్న రాసి చూపించేవారు."

రేడియేషన్ సగంలో రాసి చూపించే రోజులూ వచ్చాయి. మంచినీళ్లు మింగినా మంటే. గొంతు పూర్తిగా పోయింది. 'రేపట్నుంచి వెళ్లను' అని ఫోన్‌లో టైపు చేసి సరళకి చూపించాను. ఆవిడకి గొంతు బాగానే ఉంది. అయినా నా ఫోన్ తీసుకుని కిందే టైపు చేసింది: 'వెళ్తున్నారు.'

వెళ్లాను. పూర్తి చేశాను. తర్వాత మళ్లీ కెమెరాతో చూసి డాక్టరు "క్లియర్" అన్నారు. నేను విన్న డైలాగులన్నిట్లోకీ చిన్నది, గొప్పది. విలన్ ఇంకొకరికి వెళ్లిపోయాడు. స్నేహితుడు మాత్రం నా దగ్గరికి తిరిగొచ్చాడు. మొన్న ఒక్క టేకులో ఓకే అయ్యాడు.

నే చెప్పేదొక్కటే. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే, నొప్పి లేకపోయినా, ఎవరెంత మెచ్చుకున్నా, ఈఎన్‌టీకి చూపించుకోండి. ప్రతి బొంగురూ క్యాన్సర్ కాదు. కాదని చెప్పాల్సింది మాత్రం డాక్టరే.

స్టూడియోలోనూ అందరికీ ఇదే చెబుతున్నాను. నిన్న పక్క మైకు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాను. అద్దం అవతల నుంచి యాదగిరి మైకు బటన్ నొక్కాడు.

"అన్నా, నువ్వు బతికినవ్, సంతోషం. ఇగ మమ్ముల గూడ జర బతకనియ్యి."