డానియేలు ఉస్తాద్ ఒప్పుకున్న టర్బో

బహదూర్‌పురాలో మెకానిక్ డానియేలు ఉస్తాద్ షెడ్డు తెలియని కారు డ్రైవరు లేడు. చూడబోతే నాలుగు రేకులు, ఒక గుంత, అంతే. పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్ మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, ఏ బేరింగ్ అరిగిందో చెప్పేవాడు. ముప్పై ఏళ్ళలో ఆ చెవి తప్పింది లేదు. నోరు మాత్రం మహా చెడ్డది. పని నేర్చుకోను వచ్చినవాళ్ళందరినీ గాడిదల కింద జమకట్టేవాడు. పన్నెండేళ్ళు ఆ తిట్లు తిన్న బబ్లూ ఒకరోజు తన పానాలు సంచిలో వేసుకుని వెళ్ళి, సరిగ్గా రోడ్డుకు అవతలే సొంత షెడ్డు తెరిచాడు.

అప్పటినుంచి ఉస్తాద్‌కు ఒకటే జబ్బు: ఏ బండి ఎవరి షెడ్డు ముందు ఆగిందో చూసుకోవడం. బబ్లూకు రెండు లిఫ్టులు, కంప్యూటరు, ఏసీ గది ఉన్నాయి. డానియేలుకు మిగిలింది తన మాట ఒక్కటే. డానియేలు చెప్పాడంటే ఇక తిరుగులేదని బస్తీ అనుకోవాలి. ఆ పేరు కూడా రోడ్డు దాటిపోతే తను ఉన్నా లేనట్టే అనుకునేవాడు.

దసరా వెళ్ళిన వారానికి అంజన్ వచ్చాడు. పాడి ఉన్న ఇంటివాడు, ఇరవై ఏడేళ్ళవాడు, పెళ్ళి కాలేదు, బుద్ధీ రాలేదు. తన చిన్న కారును షెడ్డు ముందు ఆపి దిగాడు.

"అన్నా, దీపావళి ఎనక దున్నపోతుల సదర్ పండుగకు బండికి టర్బో పడాలె. మా దున్నపోతు రెండు కాళ్ల మీద ఎట్ల లేస్తదో, నా బండి గట్ల లేవాలె."

డానియేలు నవ్వాడు. "నీ దున్నకు బలం ఎనక కాళ్లల్ల ఉంటది, లేస్తది. నీ బండిని ముందు టైర్లే గుంజాలె, ముందు టైర్లే మలపాలె. దాని ముక్కు లేపినవంటె ఎటు పోతదో యేసయ్యకే ఎరుక."

నిజానికి ఓపికగానే చెప్పాడు. ఇంజన్‌లోకి గాలి కుక్కి బలం పెంచే టర్బో తిరిగేది పొగగొట్టంలో పోయే పొగతో. యాక్సిలరేటర్ తొక్కితే కాసేపు పలకదు, పలికితే ఒక్కసారిగా మీద పడుతుంది. అప్పుడు ఇంత చిన్న బండి స్టీరింగు చేతుల్లోంచి గుంజుకుంటుంది. అదే పని చేసే సూపర్‌చార్జర్‌నైతే ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. కొంత బలం అదే తినేస్తుంది కానీ, కాలు ఎంత నొక్కితే అంతే ఇస్తుంది. దానికి బ్రాకెట్లు అఫ్జల్‌గంజ్‌లో లేతు మిషను మీద చేయించాలి, నెల పడుతుంది.

"కాలు తీస్తే టర్బో లెక్క బుస కొడ్తదా అది?" అన్నాడు అంజన్.

"కొట్టదు."

"మరేం లాభం? బబ్లూ అన్న పది దినాలల్ల టర్బో పెడ్తనన్నడు. ఉస్తాద్ ముసలోడైండు, భయపడ్తుండు అన్నడు."

పోరా అని ఆ బండిని రోడ్డు దాటించి ఉంటే డానియేలుకు ఏ కష్టమూ లేకపోను. కానీ అహంకారం మనిషిని ఊరికే వదులుతుందా?

"ఎవనికిరా భయం? ఎనిమిది దినాలల్ల పెడ్త, తాళాలు ఇచ్చిపో."

ఆ రాత్రి భార్య సుజన అన్నం వడ్డిస్తూ అడిగింది. "వద్దన్నది నువ్వే, పెడ్తున్నది నువ్వే. ఏంది గిది?" డానియేలు గబగబా తిని షెడ్డుకు పోయాడు.

ఇంజన్ విప్పి కట్టిన బండిని మొదటిసారి ఉస్తాదే నడపాలి, యజమాని పక్కన కూర్చోవాలి. అది ఆ షెడ్డు రివాజు. తొమ్మిదో రోజు పొద్దున్న అంజన్ టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, తనే స్టీరింగు ముందు కూర్చున్నాడు. అతని స్నేహితులు ఫోన్లలో వీడియో తీస్తున్నారు.

"నా బండి, నేనే తోల్త. నువ్వు పక్కకు కూసో ఉస్తాద్."

అవతలి షెడ్డు ముందు బబ్లూ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. వాడి ఎదుట లొల్లి పెట్టుకోవడం నామోషీ అనిపించి డానియేలు ఎడమవైపు ఎక్కాడు. అద్దం దించి ఎడమ అరచేయి బయట తలుపు రేకు మీద ఆనించాడు. నడిచే బండి అదురును అలా చేత్తో పట్టడం ఆయన పద్ధతి. పుర్రచేతివాడు కనుక పానా పట్టేదీ ఆ చేయే.

జూ గోడ పక్కన రోడ్డు ఖాళీగా ఉంది. రెండో గేరులో అంజన్ కాలు తొక్కాడు. బండి పలకలేదు. ఇంతేనా అని ఇంకా తొక్కాడు. టర్బో అందుకుంది. స్టీరింగు ఒక్క గుంజుతో ఎడమకు తిరిగింది. "కాలు తియ్!" అని డానియేలు అరిచాడు. బెదిరిన అంజన్ తీయడానికి బదులు నేలదాకా తొక్కాడు. బండి గోడను రాసుకుంటూ నలభై అడుగులు పోయింది. చేయి మధ్యలో ఉంది.

ఆస్పత్రిలో ఆ చేతి నాలుగు వేళ్ళు తీసేశారు. అంజన్ ఒంటి మీద గీత కూడా పడలేదు. "ఉస్తాదే టర్బో పెట్టిండు, నాకేం తెలుసు?" అని బస్తీ అంతా చెప్పుకు తిరిగాడు. అందులో అబద్ధం లేదు, అదే డానియేలు గుండెను కోసింది. టీకొట్టు దగ్గర జనం ఆ వీడియో మళ్ళీ మళ్ళీ పెట్టుకుని, "ముసలోనికి పని మరుపొచ్చింది" అని నవ్వారు.

సదర్ వెళ్ళిన మర్నాడు అంజన్ బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వచ్చాడు. "అన్నా, నువ్వు చెప్పిందే నిజమైంది. నీ మాట ఇనకపోతి" అన్నాడు. డానియేలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్నాళ్ళ నుంచో ఎవరో ఒకరు ఆ మాట అనాలని చూస్తున్నాడు.

"వచ్చే యేడుకు సూపర్‌చార్జరే పెట్టిస్త. బెల్టు ఎటుకెల్లి తిప్పాలె, బ్రాకెట్ ఏ సైజు ఉండాలె, జర చెప్పు. బబ్లూ అన్న రాసుకొని రమ్మన్నడు."

సుజన లేచింది. "సిగ్గున్నదా నీకు? నడువ్ బయటికి!"

"ఆగు నువ్వు" అన్నాడు డానియేలు ఆమెతో. అంజన్ వైపు తిరిగి, "రాసుకో" అన్నాడు.

పక్క మీద లేచి కూర్చుని, పుల్లీ కొలత దగ్గర్నుంచి ఒక్కొక్కటీ చెప్పాడు. గొంతు చాలా రోజులకు గట్టిగా లేచింది. బ్రాకెట్ బొమ్మ అంజన్ వంకరగా గీస్తుంటే ఓర్చుకోలేక, ఇటియ్యి అని ఎడమ చేయి చాచాడు. అంజన్ ఆ కట్టు చూసి కలం వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు నోటితోటి చెప్పన్నా, సాలు. చేతులంటవా, బబ్లూ అన్నయి ఉన్నయి గదా."

డానియేలు చేయి దించుకుని మిగతాదంతా చెప్పాడు.